పాదుకల ఘట్టానికి రెండు చుక్కలు

జమ్మలమడుగు,
2-3-1958

అన్నయ్యకు వేద నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. నా కళ్ళు కూడా బాగున్నాయి. ఈ రెండో మాట ఎందుకు రాశానో నీకు వేరే చెప్పక్కరలేదు. ఫాల్గుణం వచ్చి వేప పూత పట్టగానే మన ఇంటివాళ్ళకు కళ్ళు ఎర్రబడి, దురదపెట్టి, ధారగా కారతాయి కదా. ఈ ఏడు మీ బావగారు నా అవస్థ చూడలేక ఇక్కడి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన రెప్పలు తిప్పి చూసి, పూల పుప్పొడి కొందరి కంటికి పడదనీ, దాన్ని అలర్జీ అంటారనీ చెప్పి చుక్కల మందు ఇచ్చాడు. ఒక్కొక్క కంట్లో రెండు చుక్కలు, పొద్దున, సాయంత్రం. నాలుగు రోజులకే దురద పోయింది. నీ కళ్ళ జబ్బుకు కూడా ఇదే మందు. నవమి పురాణం మొదలు కాకముందే వేసుకో. సీసా పంపనా? కార్డులో చోటు అయిపోయింది.

చెల్లెలు వేద

(అంచు మీద నిలువుగా) ఇది ఒకరి నుంచి ఒకరికి వచ్చే జబ్బు కాదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.


పులివెందుల,
6-3-1958

చిరంజీవి వేదవతికి అన్న ఆశీస్సులు.

నీ కార్డు నాకు చేరింది. నాకంటే ముందు ఊరికి చేరింది. పోస్టుమాన్ దస్తగిరి మంచివాడే. చదువురాని వాళ్ళ ఉత్తరాలు చదివిపెట్టి చదివిపెట్టి, ఎవరి కార్డు కనిపించినా పైకి చదవడం అతనికి అలవాటైపోయింది. టీ అంగడి ముందు నిలబడి నీ కార్డు చదివాడు. అంచు మీద నువ్వు నిలువుగా రాసింది మాత్రం చదవలేదు. కార్డు తిప్పాలన్న ఆలోచన అతనికి రాలేదు.

దాంతో అయ్యవారికి కళ్ళకలక వచ్చిందని ఊరంతా పాకింది. నేను బడిలోకి అడుగు పెట్టగానే ఎనిమిదో తరగతి పిల్లలందరూ కళ్ళు మూసుకున్నారు. పద్యం అప్పజెప్పమంటే కళ్ళు మూసుకునే అప్పజెప్పారు. హెడ్మాస్టరు దూరం నుంచి, "రెండు దినాలు ఇంటికాడ ఉండు మామా, నీ క్లాసు నేను చూసుకుంటా" అన్నాడు. సాయంత్రం గొర్రెలవాళ్ళ గంగులమ్మ చెంబుతో మేకపాలు తెచ్చి, "రెండు చుక్కలేస్తే గుడ్డోనికి గూడా కండ్లొస్తాయి సామీ, పండుకో, నేనేస్తా" అని నన్ను అరుగు మీద పడుకోబెట్టబోయింది. మీ వదిన మంగ అడ్డుపడకపోతే వేసే ఉండేది.

ఇక అసలు సంగతి. నాది జబ్బు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఉగాది నుంచి నవమి దాకా ఈ ఊళ్ళో పురాణం చదువుతున్నాను. తమ్ముడు అన్న పాదుకలు నెత్తిన పెట్టుకునే ఘట్టం దగ్గర నా కళ్ళు ధారలు కడతాయి. అవి చూసి జనం ఏడుస్తారు. నాన్నకూ అంతే. ప్రొద్దుటూరులో ఆయన పదకొండేళ్ళు నవమి పురాణం చదివారు. ఆయన పోయాక వాళ్ళు ఇంకెవరినో పిలుచుకున్నారు గానీ నన్ను పిలవలేదు. ఈ ఏడు మన పెదనాన్న కొడుకు కోదండపాణి ఆ ఉత్సవం కమిటీకి గుమాస్తా అయ్యాడు. పంచమి నాడు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని నా పురాణం వినడానికి వస్తున్నాడు. వాళ్ళకు నచ్చితే వచ్చే ఏడు నాన్న కూర్చున్న పీట మీద నేను కూర్చుంటాను. నా బతుకులో నేను కోరుకున్నది అదొక్కటే. ఇలాంటప్పుడు నా కన్నీళ్ళకు మందు రాస్తావా.

ఇకమీదట ఏం రాసినా కవరులో పెట్టి రాయి.

కళ్ళు నిక్షేపంగా ఉన్న నీ అన్న,
గురునాథం


జమ్మలమడుగు,
10-3-1958

అన్నయ్యా,

కవరులోనే రాస్తున్నాను, జిగురు కూడా రెండుసార్లు రాశాను. దస్తగిరి దీన్ని చదవాలంటే ఆవిరి పట్టాలి.

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. పిల్లలు కళ్ళు మూసుకుని పద్యం చెప్పారన్న చోట ఆయన మజ్జిగ గొంతులో పడి పొలమారింది. ఆయన తేరుకునే వరకు వీపు తట్టి, ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

నీ భక్తిని నేను కాదనను. కానీ నాకు కొన్ని అనుమానాలున్నాయి, తీర్చు. పోయిన కార్తీకంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఇదే పురాణం, ఇదే పాదుకల ఘట్టం మా వసారాలో చదివావు. ఒక్క చుక్క రాలేదు. దీపం కొండెక్కుతుంటే ఒత్తి కూడా నువ్వే సరిచేశావు, అంత చక్కగా కనిపించింది నీకు. అంతకుముందు చైత్రంలో నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు, పొద్దున్నే పెరట్లో వేప కింద నిలబడి పళ్ళు తోముకుంటూ బొటబొటా ఏడ్చావు. వంకాయలమ్ముకునే ఆమెతో బేరమాడుతూ ఏడ్చావు. ఆ తల్లి భయపడి నాలుగు కాయలు ఎక్కువ వేసి పోయింది. అప్పుడు ఏ పాదుకలు గుర్తొచ్చాయి?

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. పుప్పొడి కంట్లో పడితే అందరికీ ఏమీ కాదట. మన బోటివాళ్ళ కంట్లో మాత్రం హిస్టమిన్ అనేదొకటి పుట్టి, దురద, ఎరుపు, నీళ్ళు అన్నీ అదే తెస్తుందట. ఈ చుక్కలు దాన్ని అణుస్తాయి. ఇలాంటివి వంశపారంపర్యంగా వస్తాయని కూడా అన్నాడు. నాకు వెంటనే నాన్న గుర్తొచ్చారు.

ఇంకో మాట చెప్పాడు. అది మాత్రం నవ్వులాట కాదు. దురదకు ఓర్చుకోలేక ఏళ్ళ తరబడి నులుముకుంటే కంటి మీది పొర గీసుకుపోయి చూపు మసకబారుతుందట. నాన్న ఉత్తరీయం కొసతో కళ్ళు ఎట్లా నులుముకునేవారో నీకు గుర్తుంది కదా. ఆఖరి రెండేళ్ళు పుస్తకం ముందు తెరిచి పెట్టుకున్నారు గానీ, ఒక్క అక్షరం కనిపించేది కాదు ఆయనకు. మనకు తెలియకూడదని పేజీలు మాత్రం తిప్పేవారు. నువ్వూ అదే కొసతో అట్లాగే నులుముకుంటావు. నాకు భయంగా ఉంది అన్నయ్యా.

ముద్దనూరు మీదుగా మీ ఊరికి వచ్చే బస్సు కండక్టరు కమాల్ బాషా చేతికి సీసా ఇస్తున్నాను. ఒక్కొక్క కంట్లో రెండు చుక్కలు. మందు వేసుకోకపోతే నేనే బస్సెక్కి వచ్చి, గంగులమ్మను పిలిచి నిన్ను పట్టుకోమని చెప్పి వేస్తాను.

వదినకు నమస్కారాలు.

ఇట్లు, నీ కంటి మీద కన్నేసిన చెల్లెలు


పులివెందుల,
15-3-1958

వేదకు ఆశీస్సులు.

సీసా అందింది. కమాల్ బాషా దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి, "బద్రం అయ్యవారూ, గుంతల్లో గూడా ఒళ్ళో పెట్టుకొని తెచ్చినా" అన్నాడు. గంగులమ్మ పేరెత్తావు కాబట్టి మందు వేసుకున్నాను. నాన్న సంగతి నువ్వు రాసిన తర్వాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయన పేజీలు ఊరికే తిప్పేవారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మందు వేయడం దగ్గర చిక్కొచ్చింది. సీసాతో పాటు ఒక గాజు గొట్టం, దాని తలకు ఎర్రటి తిత్తి ఉన్నాయి కదా. మీ వదిన ఆ తిత్తిని వేలితో నొక్కి చూసి, "ఇది తోలేమోనండీ, మడికి పనికిరాదు" అంది. అవునన్నాను. దాన్ని తీసి కిటికీలో పెట్టించాను. సంధ్య వార్చుకునే ఉద్ధరిణె ఉంది కదా, దానితోనే వేసుకున్నాను. కేశవాయ స్వాహా అని కుడికంటికి ఒక ఉద్ధరిణె, నారాయణాయ స్వాహా అని ఎడమకంటికి ఒకటి. మాధవాయ స్వాహా దగ్గరికి వచ్చేసరికి మూడో కన్ను లేదు కాబట్టి అదీ కుడికంటికే పోశాను. మూడు రోజులు రెండు పూటలా ఇదే పద్ధతి. మందు అయిపోయింది. ఇంత పెద్ద డాక్టరు ఇంత చిన్న సీసా ఎందుకిచ్చాడో తెలియదు.

ఫలితం అడుగుతావేమో. దురద పోయింది. ఎరుపు పోయింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఫాల్గుణ మాసంలో కొండలు కొండల్లాగా కనిపించాయి.

నిన్న సాయంత్రం మీ వదినను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాదుకల ఘట్టం చదివాను. ఎన్నడూ లేనంత బాగా చదివాననుకున్నాను. కంట చుక్క లేదు. పుస్తకం మూసి మంగ వైపు చూశాను. "బాగుందండీ, అక్షరం తప్పు పోలేదు" అంది. పద్దెనిమిదేళ్ళలో మీ వదిన నా పురాణం గురించి అక్షరాల మాట ఎప్పుడూ ఎత్తలేదు వేదా.

నాన్నవీ వేపపూత నీళ్ళే, నావీ వేపపూత నీళ్ళే అయితే, మన ఇంట్లో భక్తి అనేది ఎవరికి ఉన్నట్టు? ప్రొద్దుటూరు వాళ్ళు వింటారని కాదు, ఆ ఘట్టం దగ్గర కళ్ళు ఊరికే ఉంటే నాకే నేను ఎవరోలాగా ఉన్నాను. పంచమి అయ్యేవరకు మందు ముట్టను. ఆ తర్వాత నీ ఇష్టం, కుండతో పంపు.

ఇట్లు,
ఎండిపోయిన గురునాథం


జమ్మలమడుగు,
18-3-1958

అన్నయ్యా,

మందు అయిపోయిందన్న వాక్యం వరకు చదివి, నువ్వు దాన్ని తాగావేమోనని నాకు చెమటలు పట్టాయి. మళ్ళీ మొదటి నుంచి చదివి మాధవాయ స్వాహా దగ్గర కుప్పకూలి నవ్వాను. మీ బావగారు ఆఫీసులో కూడా చెప్పారట. ఇప్పుడు తాలూకా ఆఫీసు గుమాస్తాలందరూ మూడో ఉద్ధరిణె నీ తరఫున ఎక్కడ పోయాలా అని ఆలోచిస్తున్నారు.

డాక్టరుతో చెప్పాను. ఆయన మొదట నవ్వలేదు. కళ్ళు మంటెత్తాయా, గుండె దడ వచ్చిందా అని అడిగాడు. అవేమీ రాయలేదన్నాక అప్పుడు నవ్వాడు. పదిహేను రోజుల మందు మూడు రోజుల్లో పోస్తే మేలు ఎక్కువ కాదట, కీడు కావచ్చునట. రెండు చుక్కలంటే రెండే. ఆ ఎర్ర తిత్తి తోలు కాదు, రబ్బరు. చెట్టు పాలతో చేస్తారు. నీ మడికి చెట్టు పాలు అడ్డమైతే వదినను వేయమను, లేదా మడి విడిచాక వేసుకో. రెండో సీసా మళ్ళీ కమాల్ బాషా చేతికే ఇస్తున్నాను.

ఇక నీ ఏడుపు సంగతి. నేను చిన్నప్పుడు నాన్న చదువుతుంటే ఆడవాళ్ళతో పాటు తలుపు వెనక కూర్చునేదాన్ని. అక్కడి నుంచి ఆయన వీపు తప్ప ఏమీ కనిపించదు. ఆయన కళ్ళు తడిశాయో లేదో మాకెవరికీ తెలియదు. అయినా పాదుకల ఘట్టానికి అమ్మతో సహా అందరం ఏడ్చేవాళ్ళం. గొంతుకే ఏడ్చాం అన్నయ్యా. నీ గొంతూ అదే గొంతు. వదిన అక్షరాల మాట ఎందుకన్నదంటే, నువ్వు ఆ రోజు పురాణం చదవలేదు, నీ కళ్ళ కోసం కాచుకుని కూర్చున్నావు.

నా మీద కోపం వచ్చినా సరే, నాకు నీ చూపు కావాలి. మందు వేసుకో.

వేద


పులివెందుల,
22-3-1958

వేదకు అన్న ఆశీస్సులు. విళంబి సంవత్సరం మీ ఇంటిల్లిపాదికీ మేలు చేయాలి. నాకు మాత్రం మొదటి రోజే చేసింది.

నువ్వు పంపిన సీసాను బియ్యం డబ్బాలో దాచి, మందు లేకుండానే నిన్న పురాణానికి కూర్చున్నాను. పందిరి నిండా వేపకొమ్మలు కట్టారు, పూతతో సహా. నా నెత్తి మీదే ఒక గుత్తి. పావుగంటలో కళ్ళు ఉబ్బి చింతగింజలంత అయ్యాయి. పుస్తకం కనిపించలేదు. సరే, కంఠతా వచ్చినదే కదా అని చదువుతూ, మర్యాద కోసం పేజీలు తిప్పుతూ పోయాను. ఆ క్షణంలో నాన్న ఏం చేసేవారో నాకు తెలిసింది.

ఒకచోట తర్వాతి మాట తట్టక, నీళ్ళు తుడుచుకుని పుస్తకంలోకి చూశాను. మధ్యలో ఏ అక్షరం కనిపించిందో అక్కడి నుంచి అందుకున్నాను. ముని వచ్చాడు, యాగం కాపాడటానికి కొడుకును పంపమని రాజును అడిగాడు, రాజు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ముని పిల్లవాణ్ణి తోడుకుని అడవికి బయల్దేరాడు. అప్పుడు ముందు వరుసలో నుంచి గంగులమ్మ లేచి నిలబడింది. "సామీ, ఆ పిల్లోడు ఇంగా పుట్టనే లేదే. యాడికి తోడ్కపోతాండాడు ఆ యప్ప?"

వేదా, నాలుగు పేజీలు ఎగిరిపోయాయి. యాగం కాలేదు, పాయసం రాలేదు, స్వామి పుట్టలేదు. పుట్టని బిడ్డను అడవికి పంపాను.

అయినా ఎవరూ నవ్వలేదు. "అయ్యవారు భక్తిలో ఒళ్ళు మరిచినాడు, శానా పుణ్యాత్ముడు" అని వెనక ఎవరో అన్నారు. ఆ మాట వినగానే నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి వచ్చి మంగతో చెప్తే, "గంగులమ్మ ఒక్కతే కదండీ మీరు చదివింది విన్నది" అంది.

కోదండపాణి మంగళవారం వస్తున్నాడు. కళ్ళు తడిస్తే పుస్తకం పోతుంది, పుస్తకం నిలిస్తే కళ్ళు ఎండుతాయి. సీసా ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. పంచమికి ఏం చేస్తానో నాకే తెలియదు.

గురునాథం


జమ్మలమడుగు,
27-3-1958

అన్నయ్యా,

కోదండపాణి అన్న నిన్న ప్రొద్దుటూరు పోతూ మా ఇంట్లో భోజనానికి ఆగాడు. నీ పీట ఖాయమైందని చెప్పాడు. వచ్చే ఉగాదికి నిన్ను తీసుకుపోవడానికి బండి కాదు, కారు పంపుతారట. నాకు ఆనందంతో చేతులాడలేదు, పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు పాపం.

ఆ ఆనందం నాకు అయిదు నిమిషాలే ఉంది. ఎట్లా చదివాడని అడిగితే, "ఏడ్చినాడమ్మా, చిన్నాయన మాదిరే ఏడ్చినాడు. మాతో వచ్చిన పెద్దాయన తన కండువా తడిపి, నా కండువా గూడా అడిగి తీసుకున్నాడు" అన్నాడు.

అంటే బియ్యం డబ్బా తెరవలేదన్నమాట. నేను డాక్టరు చుట్టూ తిరిగి, బస్సుల చుట్టూ తిరిగి పంపిన మందు బియ్యానికి వేశావు. ప్రొద్దుటూరు పీట దొరికింది, సంతోషం. రేపు దాని మీద కూర్చుని, నాన్నలాగే కనిపించని పేజీలు తిప్పు. నేను తలుపు వెనక నుంచి కూడా వినడానికి రాను. నాకు ఏడుపొస్తోంది, ఇది వేపపూత ఏడుపు కాదు, నేను చుక్కలు క్రమంగా వేసుకుంటున్నాను.

వేద


పులివెందుల,
30-3-1958

నా వేదకు,

నిన్నటితో నవమి అయింది. వడపప్పు, పానకం కాస్త ఎక్కువై కడుపు బరువుగా ఉంది గానీ, నీకు రాయకుండా పడుకోలేను.

మందు వేసుకున్నాను. మంగ సాక్షి. మంగళవారం పొద్దున రెండు, పురాణానికి ముందు రెండు. రబ్బరు తిత్తితోనే, మీ వదిన చేత్తోనే. వేసేటప్పుడు ఒక చుక్క గురి తప్పి నా ముక్కు మీద పడింది. దాన్ని లెక్కలో వేయలేదు. పుట్టని బిడ్డను అడవికి పంపిన పాపం ఇంకోసారి చేయలేను, అందుకని వేసుకున్నాను. పీట పోతే పోయిందనుకున్నాను.

పందిట్లో కూర్చుని తల ఎత్తాను. అందరూ కనిపించారు. నవ్వుతావేమో, పద్దెనిమిదేళ్ళుగా ఆ జనానికి చదువుతున్నాను గానీ ఆ జనాన్ని చూడటం నాకు అదే మొదలు. ఇన్నేళ్ళూ నాకు కనిపించింది తెల్లటి మసక, అందులో దీపాలు. ఇప్పుడు ముఖాలున్నాయి. దస్తగిరి ఓ మూల స్తంభానికి ఆనుకుని వింటున్నాడు. కోదండపాణి పెద్దమనుషుల పక్కన చేతులు కట్టుకుని నా కళ్ళ వంకే చూస్తున్నాడు. అవి పొడిగా ఉన్నాయి. అతని ముఖం వాడిపోయింది.

పాదుకల ఘట్టం వచ్చింది. తమ్ముడు పాదుకలు నెత్తిన పెట్టుకున్నాడని చదివి కళ్ళెత్తాను. ముందు వరుసలో గంగులమ్మ కొంగు విప్పింది. అందులో ఒక జత మగవాళ్ళ చెప్పులు, కిర్రు చెప్పులు, అరిగి మడమలు పోయినవి. వాటిని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుని తల మీద పెట్టుకుంది. చుట్టుపక్కల ఎవరూ వింతపడలేదు. పక్కన ఉన్నామె కాస్త జరిగి చోటిచ్చింది, అంతే.

మందు వేసిన కళ్ళే ధారలు కట్టాయి. తర్వాత చదివానంటే చదివాను.

పురాణం అయ్యాక ఆమెను పిలిచి, "అవ్వా, ఆ చెప్పులేంది?" అని అడిగాను.

"మా కొడుకు కాటమయ్యవి సామీ. ఎండాకాలమొస్తే మంద తోలుకొని పోతాడు. వానలు పడినాకనే ఇంటికొచ్చేది. పొయ్యేటప్పుడు కొత్తవి తొడుక్కొని పాతవి ఈడ ఇడిసిపెట్టి పోతాడు. నువ్వు ఆ కత చెప్పే దినం తెచ్చుకుంటా. పదేండ్ల నుంచి నీ ముందరే నెత్తిన పెట్టుకుంటాండా. నువ్వు చూల్లేదా?"

చూడలేదు వేదా. పదేళ్ళు ఆమె నా ముందు కూర్చుంటే, నేను నా కన్నీళ్ళే చూసుకున్నాను.

కోదండపాణి తర్వాత నా చెవిలో, "నీళ్ళు కొంచెం ఆలస్యంగా వచ్చినాయి గానీ, శానా బాగా వచ్చినాయి" అన్నాడు. నాన్నవి వేపపూత నీళ్ళా, భక్తి నీళ్ళా అని ఇక నిన్ను అడగను. రెండూ ఒకే కంట్లోంచి వచ్చి ఉంటాయి. ఆయన కాలంలో ఈ చుక్కలు ఉండి ఉంటే, ఎప్పుడో ఒకసారి వెనక్కి తిరిగి, తలుపు సందులోంచి తొంగిచూసే నిన్ను ఆయన చూసి ఉండేవారు. అది తలుచుకుని మాత్రం ఇవాళ పొద్దున కాసేపు ఏడ్చాను, ఆ నీళ్ళు నీ పేర రాసుకో.

వచ్చే ఏడు ప్రొద్దుటూరుకు నువ్వు రావాలి. తలుపు వెనక కాదు, ముందు వరుసలో, గంగులమ్మ పక్కన. ఆమెను కూడా కారులోనే తీసుకుపోతానని చెప్పాను. చెప్పులు ఒళ్ళో పెట్టుకుంటుందట, కింద పెడితే కారు మురికవుతుందని.

ఒక్క సందేహం మిగిలింది. ఏడిస్తే కంట్లో వేసిన మందు కొట్టుకుపోతుంది కదా. మళ్ళీ రెండు చుక్కలు వేసుకోవాలా, అక్కర్లేదా? డాక్టరును అడిగి రాయి. ఈసారి కార్డు మీదే రాయి, గంగులమ్మ కూడా తెలుసుకోవాలంటోంది.

కళ్ళు తెరిచిన నీ అన్న,
గురునాథం